ఇంట్లో మిక్సింగ్ – 4వ పాఠం: శ్రుతిని బట్టి ఈక్యూ

గత పాఠంలో ఫేడర్లు (ట్రాకుల వాల్యూమ్ మీటలు) మాత్రమే కదిపి గాత్రం, తంబురా, మృదంగం మూడింటినీ ఒక తూకానికి తెచ్చాం. ప్లగిన్ ఒక్కటీ వెయ్యలేదు. ఆ ప్రాజెక్టునే తెరిచి, పల్లవి మీద లూప్ పెట్టి రెండుసార్లు వినండి. గొంతు వినబడుతోంది గానీ సాహిత్యం తెలియడం లేదు అనిపిస్తే ఫేడర్ ఇంకా పెంచకండి. పెంచితే గొంతు బిగ్గరవుతుందే తప్ప, దాన్ని కప్పేస్తున్న శబ్దం ఎక్కడిదక్కడే ఉంటుంది. దాన్ని తియ్యడానికే ఈక్యూ (ఈక్వలైజర్), అంటే శబ్దంలో మనం ఎంచుకున్న హెర్ట్జ్‌ల దగ్గర మాత్రమే తగ్గించే, పెంచే ప్లగిన్.

ఇంటర్నెట్‌లో దొరికే ఈక్యూ పట్టికలు ఎక్కువగా పాప్, రాక్ పాటల కోసం రాసినవి. "గాత్రంలో 300 హెర్ట్జ్ దగ్గర తగ్గించండి" అన్న సలహా వాటిలో తరచూ కనిపిస్తుంది. కర్ణాటక కీర్తనకి దాన్ని యథాతథంగా వాడితే గొంతు పేలవంగా, రేకు డబ్బాలోంచి వచ్చినట్టు తయారవుతుంది. మన సంగీతంలో అంతకంటే నమ్మకమైన ఆధారం ఉంది. పాట మొదలైనప్పటి నుంచి అయిపోయేదాకా షడ్జమం (స) కదలదు. అది ఎన్ని హెర్ట్జో తెలిస్తే గాయని పాడే ప్రతి స్వరం ఎక్కడ పడుతుందో కాగితం మీదే లెక్క కట్టవచ్చు. ఏది కొయ్యకూడదో ముందే తెలిసిపోతుంది.

మధ్యస్థాయి షడ్జమం ఒకటి శ్రుతికి 130.8 హెర్ట్జ్, ఒకటిన్నరకి 138.6, రెండుకి 146.8, నాలుగున్నరకి 185, అయిదుకి 196, అయిదున్నరకి 207.7, ఆరుకి 220. దీన్ని ముప్పావు చేస్తే మంద్ర పంచమం (కింది స్థాయి ప), ఒకటిన్నర రెట్లు చేస్తే మధ్యస్థాయి పంచమం, రెట్టింపు చేస్తే తార షడ్జమం, మూడు రెట్లు చేస్తే తార పంచమం. మన ఉదాహరణ అయిదున్నర శ్రుతిలో పాడిన గాయనిది కనుక ఆ నాలుగూ వరుసగా 156, 311, 415, 623. ఈ అంకెలు ఒక చీటీ మీద రాసి లాప్‌టాప్ పక్కన పెట్టుకోండి.

ఇప్పుడు గాత్రం ట్రాక్ మీద ఈక్యూ వెయ్యండి. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే దానితో వచ్చే రియాఈక్యూ చాలు, కొనాల్సింది ఏమీ లేదు. మొదటి బ్యాండ్ రకాన్ని హై పాస్‌గా (పెట్టిన అంకెకి కింద ఉన్నదాన్ని తగ్గించే ఫిల్టర్‌గా) మార్చి 115 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. మంద్ర పంచమం 156 కాబట్టి దానికి తగిలే దెబ్బ ఒక డెసిబెల్‌కి అటూ ఇటుగా ఉంటుంది, చెవికి పెద్దగా తెలియదు. దాని కింద ఉండే ఫ్యాను హోరు, వీధిలో లారీ గుడగుడ, మైకు స్టాండుకి కాలు తగిలిన చప్పుడు మాత్రం బాగా తగ్గుతాయి. ఒకటిన్నర శ్రుతిలో పాడే మగ గొంతుకి మంద్ర పంచమం 104 దగ్గర ఉంటుంది, కాబట్టి ఆ గొంతుకి హై పాస్ 75 దాటనివ్వకండి. కీర్తన మంద్ర పంచమం కంటే కిందికి దిగితే ఆ స్వరాన్ని లెక్క కట్టి, హై పాస్‌ని ఇంకా దించండి.

కరెంటు హమ్ సంగతి వేరు. మన సరఫరా 50 హెర్ట్జ్‌ది, కాబట్టి ఆ గుయ్యిమనే మోత 50 దగ్గర, దాని రెట్లయిన 100, 150 దగ్గర వస్తుంది. 50 దగ్గరి హమ్‌ని పైన పెట్టిన ఫిల్టర్ 14, 15 డెసిబెల్స్ తగ్గిస్తుంది. 100 దగ్గరిది నాలుగు డెసిబెల్స్ తగ్గుతుంది. 150 దగ్గరిది పెద్దగా తగ్గదు. సన్నటి కోత పెట్టి తీసేద్దామంటే పక్కనే 156లో మంద్ర పంచమం కూర్చుని ఉంది. అది కూడా పోతుంది. కాబట్టి ఇది మిక్సింగ్‌లో తీరే సమస్య కాదు. చార్జర్ పీకేసి, లాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడుపుతూ ఒక నిమిషం ఊరికే రికార్డు చేసి చూడండి. హమ్ పోతే దోషం చార్జర్‌ది, గాత్రం మళ్లీ తీసుకోవడమే మేలు.

గది మోతని వెతకడానికి కూడా చీటీ పనికొస్తుంది. ఎదురెదురు గోడల మధ్య పది అడుగులుంటే గది దాదాపు 56, 113, 169 హెర్ట్జ్‌ల దగ్గర మోగుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పది అడుగులే అయితే ఆ మోత ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. అయిదున్నర శ్రుతిలో మంద్ర శుద్ధ ధైవతం 166 దగ్గర పడుతుంది. అందుకే మాయామాళవగౌళ రాగంలో గొంతు కిందికి దిగినప్పుడు మిగతా స్వరాలు బాగానే ఉండి, ధైవతం ఒక్కటి ఉబ్బినట్టు వినిపిస్తుంది. గాయని గట్టిగా పాడిందని అనుకోవద్దు, అది గది చేసిన పని. పాట పొడుగునా 169ని కొయ్యడం కంటే, ఆ స్వరం వచ్చిన రెండు మూడు చోట్ల మాత్రం వాల్యూమ్ ఎన్వలప్‌తో (ట్రాక్ మీద గీసే వాల్యూమ్ గీతతో) 3 డెసిబెల్స్ దించడం శ్రేష్ఠం. శ్రమ ఎక్కువే, కానీ మిగతా పాట చెక్కుచెదరదు.

ఇక ఆ 300 హెర్ట్జ్ మాట. ఒకటిన్నర శ్రుతి మగ గొంతుకి తార షడ్జమమే 277 దగ్గర ఉంది, కాబట్టి 300 ప్రాంతంలో ఉండేది ఎక్కువగా పైస్వరాల (పాడే స్వరంతో పాటే దాని పైన పుట్టే సన్నని నాదాల) గుబురు. అక్కడ 2, 3 డెసిబెల్స్ తీస్తే గొంతు తేటపడుతుంది. మన గాయని మధ్యస్థాయి పంచమం సరిగ్గా 311. అక్కడ కోస్తే స్వరం మొదలే నరికినట్టు. ఆడ గొంతులో డబ్బా మోత వినిపిస్తే 500 నుంచి 700 మధ్య వెతకండి. ఒక బ్యాండ్‌ని 6 డెసిబెల్స్ పెంచి మెల్లగా జరుపుతూ పోతే ఒకచోట చెవికి చిరాకు పుడుతుంది. అక్కడ ఆపి, పెంచింది తీసేసి, 2 డెసిబెల్స్ మాత్రం తగ్గించండి. 3 దాటాల్సి వస్తోందంటే మైకు గోడకి బాగా దగ్గరగా ఉందని అర్థం.

గాత్రానికి ఇంతే. అసలు పని మిగతా రెండు ట్రాకుల్లో ఉంది.

ముందు తంబురా. యాప్ తంబురాకి జీవం పోసేవి దాని పైస్వరాలు. అవి 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ దాకా దట్టంగా పరుచుకుంటాయి. త, చ, క లాంటి హల్లులు చెవికి స్పష్టంగా అందాల్సిన చోటు కూడా అదే. తంబురా ట్రాక్‌లో 3,000 దగ్గర వెడల్పాటి బ్యాండ్, రెండు ఆక్టేవ్‌ల (స్థాయిల) వెడల్పు, 4 డెసిబెల్స్ తగ్గింపు పెట్టండి. తంబురాని విడిగా వింటే కాస్త మసకగా ఉంటుంది. కంగారు పడకండి, మీరు వినాల్సింది మొత్తం పాటని. తంబురా మంద్ర షడ్జమం 104 కనుక దాని హై పాస్ 80 దగ్గరే ఉంచండి. గాత్రానికి పెట్టిన 115నే ఇక్కడా పెడితే శ్రుతికి పునాది పలచబడుతుంది.

తంబురా విశాలంగా వినిపించాలని ఒకే ట్రాక్‌ని కాపీ చేసి, 15 మిల్లీసెకన్లు జరిపి చెరోవైపు పెట్టడం చాలామంది చేసే పొరపాటు. హెడ్‌ఫోన్‌లో అద్భుతంగా ఉంటుంది. ఒకే స్పీకరున్న ఫోనులో రెండూ కలిసి కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి మింగేస్తాయి, శ్రుతి బోలుగా వినిపిస్తుంది. దాని బదులు యాప్‌ని రెండుసార్లు, వేర్వేరు క్షణాల్లో మొదలుపెట్టి రెండు ట్రాకులుగా రికార్డు చెయ్యండి. ఫైన్ ట్యూనింగ్ అంకె రెండింటికీ ఒకటే ఉండాలి. ఒకటి ఎడమకి 60 శాతం, ఇంకొకటి కుడికి 60 శాతం.

మృదంగం కుడివైపు చాపు దెబ్బ మెరుపు కూడా హల్లుల చోటులోకే వస్తుంది. అక్కడ 3,000 దగ్గర 2 డెసిబెల్స్ చాలు, అంతకు మించితే వాయిద్యం చచ్చిపోతుంది. ఎడమవైపు గుంకీ (లోతుగా గుమ్మనే నాదం) బాగా కిందికి దిగుతుంది. హై పాస్ 40 దాటించవద్దు. గాత్రం, మృదంగం ఒకే గదిలో ఒకేసారి రికార్డు చేసి ఉంటే మాత్రం జాగ్రత్త. గాత్రం మైకులో మృదంగం కూడా ఉంటుంది, గొంతుకి చేసిన ప్రతి మార్పూ దానికీ తగులుతుంది. అప్పుడు ఇక్కడ చెప్పిన డెసిబెల్ అంకెలన్నీ సగానికి సగం చెయ్యండి.

ఇవన్నీ అయ్యాకే గాత్రంలో 4,000 దగ్గర ఒకటి, రెండు డెసిబెల్స్ పెంచాలా అని ఆలోచించండి. చాలాసార్లు అవసరం ఉండదు. స, శ, ష చురుక్కుమంటుంటే ఈక్యూ ముట్టుకోకండి. ఆ అక్షరాలున్న చోట క్లిప్‌ని కోసి 4 డెసిబెల్స్ దించండి. ఈ పనిని తనంతట తానే చేసే డీ ఎస్సర్ గురించి 6వ పాఠంలో చూద్దాం.

ఒక మోసం గురించి హెచ్చరిక. కోత పెడితే ట్రాక్ మొత్తం కొంచెం చిన్నబోతుంది, బిగ్గరగా ఉన్నదే బాగున్నట్టు చెవికి అనిపిస్తుంది. ఈక్యూ ఆపి, పెట్టి పోల్చేముందు ప్లగిన్ గెయిన్ పెంచి రెండూ ఒకే మట్టంలో ఉండేలా చూసుకోండి. ఇది చెయ్యకపోతే మంచి మార్పుని కూడా చెడగొట్టుకుని వెనక్కి పోతారు.

ఈ వారం అభ్యాసం: మీ గాయకుల శ్రుతికి చీటీ రాయండి. పల్లవి, అనుపల్లవి వరకు ఈక్యూ పెట్టి ఒక ఫైలు, పెట్టకుండా ఒక ఫైలు తియ్యండి. రెండూ ఫోను స్పీకరులో తక్కువ సౌండుతో, పక్క గదిలోంచి వినండి. సాహిత్యంలో ఏ మాట దగ్గర తడబడ్డారో కాగితం మీద గుర్తు పెట్టండి. 5వ పాఠంలో కంప్రెసర్‌ని (బిగ్గర, మెల్లని శబ్దాల మధ్య తేడా తగ్గించే ప్లగిన్‌ని) ఆ మాటల దగ్గరే మొదలుపెడతాం.