కువైట్‌లో ఉంటూ క్రిస్మస్ పండగను ఎలా జరుపుకోవాలి?

కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల్లో కువైట్‌కు వెళ్లినవారు ఒక్కరైనా లేని వీధి అరుదు. అక్కడ డిసెంబరు 25 ప్రభుత్వ సెలవు కాదు కాబట్టి, పండగ దానంతట అదే రాదు. నెల ముందు నుంచి ఏర్పాటు చేసుకుంటేనే దక్కుతుంది.

మొదట చేయవలసింది సెలవు అడగడం. కువైట్‌లో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. 2026లో డిసెంబరు 25 శుక్రవారమే వస్తుంది కనుక చాలామంది కంపెనీ ఉద్యోగులకు ఇబ్బంది ఉండదు. ఇళ్లలో పనిచేసేవారి సంగతి వేరు. శుక్రవారం నాడే ఆ ఇంటి బంధువులంతా భోజనానికి చేరతారు, వంటా అంట్లూ రెట్టింపవుతాయి. అందుకని నవంబరు చివరిలోనే మేడమ్‌తో మాట్లాడి, ఏ రోజు, ఎన్ని గంటలకు వెళ్లి ఎన్నింటికి తిరిగి వస్తారో స్పష్టంగా చెప్పాలి. నేను మొదటి ఏడాది 23వ తేదీన అడిగాను. అప్పటికే అతిథులను పిలిచేశారు. ఆ పండగ అంట్లు తోముతూనే గడిచిపోయింది.

ఊరికి పంపే డబ్బు డిసెంబరు మొదటి వారంలోనే చేరాలి. ఆ తర్వాత పంపితే దర్జీ పిల్లల బట్టలు పండగ నాటికి కుట్టి ఇవ్వలేడు.

ఆరాధన విషయంలో దిగులు అక్కర్లేదు. కువైట్ నగరంలోని నేషనల్ ఇవాంజిలికల్ చర్చి ప్రాంగణంలో తెలుగుతో సహా అనేక భాషల సంఘాలు కూడుకుంటాయి. కథోలికులకు హోలీ ఫ్యామిలీ కో-కెథెడ్రల్ ఉంది. శుక్రవారం సెలవు కాబట్టి అక్కడి సంఘాలు ఆ రోజునే ఎక్కువగా ఆరాధిస్తాయి. 25న వెళ్లలేనివారు డిసెంబరులో మరో శుక్రవారానికి అనుమతి తీసుకుని వెళ్లాలి. ఆరాధన, పాటలు ప్రాంగణం లోపలే జరుపుకోవాలి. మన ఊళ్లలో లాగా వీధుల వెంట క్యారల్స్ పాడుకుంటూ తిరగకూడదు.

పిండివంటల్లో కజ్జికాయలు రూములో సులువుగా చేసుకోవచ్చు. మైదాలో కాస్త బొంబాయి రవ్వ, వేడి నెయ్యి కలిపి గట్టిగా తడిపి, తడిగుడ్డ కప్పి అరగంట నాననివ్వాలి. పుట్నాల పప్పు పొడి, ఎండుకొబ్బరి తురుము, చక్కెర, ఏలకుల పొడి కలిపితే పూర్ణం సిద్ధమవుతుంది. అచ్చు లేకపోతే పూరీలా వత్తి, పూర్ణం పెట్టి, అంచుకు నీళ్లు రాసి మడిచి, బొటనవేలితో గట్టిగా నొక్కాలి. అంచు ఒక్కచోట విడిపోయినా చక్కెర నూనెలో పడి మాడిపోయి, తర్వాతి వాయి మొత్తం నల్లబడుతుంది. మంట సన్నగా ఉండాలి. రూములో ఉండే రాయచోటి ముస్లిం సోదరులకు ముందుగా పెట్టండి. రంజాన్‌కు వాళ్లు మనకు పెట్టేదీ అలాగే కదా.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. మన ఇళ్లలో కజ్జికాయల పూర్ణంలో గసగసాలు వేస్తారు. గల్ఫ్ దేశాల్లో వాటిని మత్తుపదార్థాల కింద లెక్కిస్తారు. ఊరి నుంచి ఎవరి చేతనైనా పిండివంటలు తెప్పించుకుంటే, గసగసాలు ఒక్క గింజ కూడా వేయవద్దని అమ్మకు ఫోనులో మరీ మరీ చెప్పాలి. మసాలా పొడుల్లోనూ అవి ఉండకూడదు. ఆ పొట్లం తెచ్చేవారు మీ మీది నమ్మకంతో తెస్తున్నారు, వారిని జైలు పాలు చేయకూడదు.

చివరిగా, ఊరి గుడిలో జరిగే అర్ధరాత్రి ఆరాధన. కువైట్ సమయం మనకంటే రెండున్నర గంటలు వెనుక ఉంటుంది. కడపలో 24 రాత్రి పన్నెండు కొట్టేసరికి అక్కడ తొమ్మిదిన్నర. పని ముగించుకుని, స్నానం చేసి, కొత్త బట్టలు కట్టుకుని వీడియో కాల్‌లో కూర్చోవడానికి వీలైన వేళ అది. ఫోనును మైకు పెట్టెకు దూరంగా, ముందు వరుసలో నిలబెట్టమని తమ్ముడికో చెల్లెలికో ముందే చెప్పాలి. పెట్టె పక్కనే పెడితే పాట బదులు గరగర మాత్రమే వినిపిస్తుంది. ఆరాధన అయ్యాక వెంటనే కాల్ ఆపకుండా, ఫోను ఇంటిదాకా తీసుకెళ్లి, వాకిట్లో కట్టిన కాగితపు నక్షత్రం కింద పిల్లలను నిలబెట్టి చూపించమనండి.