సినగాగ్ వెబ్‌సైటులో తేదీలు తప్పుతున్నాయా? సమస్య - పరిష్కారం

అమెరికాలోని న్యూజెర్సీలో మా ఊరి సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) వెబ్‌సైటు బాగోగులు నేనే చూస్తున్నాను. ఇలాంటి పని మీ చేతికి వస్తే రంగులు, బొమ్మల జోలికి వెళ్లకముందు వేళలు సరిచూడండి. యూదులకు రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. నాకు వచ్చిన ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం అదే.

సమస్య: శుక్రవారం దీపాలు వెలిగించే వేళ తప్పుగా కనిపిస్తోంది.
కారణం: షబ్బాత్ (శుక్రవారం సాయంత్రం మొదలయ్యే వారపు విశ్రాంతి దినం) దీపాలను సాధారణంగా సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు వెలిగిస్తారు. జెరూసలేంలో మాత్రం 40 నిమిషాల ముందు. క్యాలెండర్‌లో ఊరు జెరూసలేం అని ఉండిపోయి ఉండవచ్చు. లేదా ఎవరో చేత్తో ఎక్కించిన పట్టికలో అమెరికాలో ఏటా మార్చిలో గడియారం గంట ముందుకు జరిపే సంగతి మరిచిపోయి ఉండవచ్చు.
పరిష్కారం: ఆ పట్టిక తీసేసి, హెబ్‌కాల్ అనే ఉచిత క్యాలెండర్ నుంచి మీ ఊరి వేళలు వచ్చేలా పెట్టండి. ఎన్ని నిమిషాల ముందు అన్నది రబ్బీని (యూదుల మతగురువును) అడిగి ఖాయం చేసుకోండి.

సమస్య: పండుగ ప్రార్థనకు జనం మర్నాడు వస్తున్నారు.
కారణం: 2026లో యూదుల కొత్త సంవత్సరం పండుగ రోష్ హషానా సెప్టెంబరు 12 అని వేస్తే చాలదు. పండుగ 11వ తేదీ సాయంత్రమే మొదలవుతుంది.
పరిష్కారం: "11 శుక్రవారం సాయంత్రం నుంచి" అని రాయండి.

సమస్య: హీబ్రూ మాటల్లో అక్షరాలు వెనకముందులుగా ఉన్నాయి.
కారణం: పాత పీడీఎఫ్ నుంచి అతికించినప్పుడు అక్షరాల వరుస తిరగబడుతుంది.
పరిష్కారం: మళ్లీ టైపు చేసి, ఆ పేరాకు కుడి నుంచి ఎడమకు దిశ పెట్టండి. హీబ్రూ రాకపోయినా "షాలోమ్" అన్న మాట చూసి పోల్చుకోవచ్చు: మూసిన పెట్టెలాంటి చివరి మేమ్ అక్షరం ఎడమ కొసన ఉండాలి.

సమస్య: వెతికితే వేరే ఊరి సినగాగ్ వస్తోంది.
పరిష్కారం: బెత్ ఇజ్రాయెల్ వంటి పేర్లు చాలా ఊళ్లలో ఉన్నాయి. పేజీ శీర్షికలోనే ఊరి పేరు చేర్చండి.

సమస్య: యార్ట్‌సైట్ గుర్తుచేసే ఉత్తరం ఒకరోజు ముందు తేదీతో వెళుతోంది.
అన్నిటికన్నా ముందు దీన్ని సరిచేయండి. యార్ట్‌సైట్ అంటే మన ఆబ్దికం లాంటిది. హీబ్రూ తిథి ప్రకారం ఏటా ఆ రోజున దీపం పెట్టి, కద్దిష్ అనే ప్రార్థన చదువుతారు. ఒక పెద్దావిడ ఫోను చేసి, భర్త దీపం ఒకరోజు ముందే వెలిగించానని చెప్పినప్పుడు నాకు నోట మాట రాలేదు.
కారణం: ఆయన పోయింది రాత్రి 8 గంటలకు, సూర్యాస్తమయం అయ్యాక. అంటే హీబ్రూ తేదీ అప్పటికే మారింది. మా ఫారంలో తేదీ తప్ప వేళ అడగలేదు.
పరిష్కారం: "సూర్యాస్తమయానికి ముందా, తరువాతా?" అన్న ప్రశ్న చేర్చండి. "తెలియదు" అన్నవాటిని రబ్బీకి వదలండి. ఉత్తరంలో "ఫలానా సాయంత్రం దీపం" అని స్పష్టంగా రాయండి. పాత నమోదుల కోసం ఈమెయిల్ పంపకండి. ఒక్కో కుటుంబానికి ఫోను చేసి, మెల్లగా అడగండి.