డేనిష్ పద్యాన్ని వేలితో కొలవండి
గురులఘువులు కాసేపు మరిచిపోండి. డేనిష్‌లో లెక్కకొచ్చేది ఊనిక, అంటే మాటలో ఒక అక్షరాన్ని నొక్కి పలకడం. 1819లో కవి ఓలెన్‌ష్లేగర్ రాసిన డెన్మార్క్ జాతీయగీతమే తీసుకోండి. బల్ల మీద వేలితో తడుతూ చదివితే మొదటి పాదంలో మూడు దెబ్బలు పడతాయి, ప్రతి దెబ్బకూ ముందు ఒక తేలిక అక్షరం. నాలుగో పాదంలో మాత్రం నాలుగు.

ప్రాస కోసం మన అలవాటు కొద్దీ రెండో అక్షరం వెతక్కండి, పాదం చివర వినండి. వినమనే అంటున్నాను, ఎందుకంటే స్పెల్లింగ్ మోసం చేస్తుంది: ‘లాన్’, ‘స్ట్రాన్’ మాటల చివర రాసే ‘డి’ అసలు పలకదు. తర్వాత ‘డాల్’కి ‘సాల్’ జోడీ. రెండో, ఐదో పాదాలు ఒంటరివే.

పాడేటప్పుడు మూడో, ఆరో పాదాలు రెండేసి సార్లు వస్తాయి. అవి విని నేను చరణానికి ఎనిమిది పాదాలని రాసుకున్నాను. ఉన్నవి ఆరే!