స్లాబ్ వేసే ముందు రోజు చూసుకోవాల్సినవి

రేపు స్లాబ్ అంటే ఈ సాయంత్రమే సైట్‌కి వెళ్లి ఇవి చూడండి.

• నీళ్ల కొలత: 50 కిలోల సిమెంట్ బస్తాకి సుమారు 25 లీటర్లు మించొద్దు. తడి ఇసుకలోని నీరూ ఈ లెక్కలోదే. మాల్ (కలిపిన కాంక్రీట్) జారుడుగా ఉంటే పని సులువని ఇంకో బకెట్ గుమ్మరిస్తారు. ఆ నీరు ఆరాక మిగిలేవి సన్నటి రంధ్రాలు. బలం తగ్గుతుంది, చెమ్మ దిగుతుంది, ఇనుము తుప్పు పడుతుంది. తర్వాత సరిచేయలేం. నీళ్ల పైపు తీయించి కొలత బకెట్ పెట్టించండి.

• సెంట్రింగ్ (స్లాబ్ పోసే అచ్చు) కింద ఊతగా నిలిపే జాకీలు: కింద నేల మెత్తగా ఉంటే చెక్క పలకలు వేయించండి. బరువుకి దిగబడితే మొత్తం కూలుతుంది.

• బస్తా మీద తేదీ: మూడు నెలలు దాటిందా, వద్దు. వేళ్లతో నలపలేని గడ్డలుంటే అసలే వద్దు.

• సిమెంట్ రకం: ఓపీసీ (మామూలు పోర్ట్‌ల్యాండ్ సిమెంట్) త్వరగా బలం పుంజుకుంటుంది. ఫ్లై యాష్ (బొగ్గు కాల్చగా వచ్చే సన్నటి బూడిద) కలిసిన పీపీసీ నిదానం, వేడి తక్కువ. రెండూ మంచివే, ఒకే స్లాబ్‌లో కలపకండి. పీపీసీ అయితే క్యూరింగ్ (నీళ్లతో తడిగా ఉంచడం) కనీసం 10 రోజులు, సెంట్రింగ్ విప్పడానికి తొందర వద్దు.

• కవర్ బ్లాకులు (కడ్డీలను అచ్చుకి ఆనకుండా ఎత్తి ఉంచే చిన్న దిమ్మలు): కడ్డీల కింద 20 మిల్లీమీటర్లు. కంకర రాళ్లు పెడితే తొక్కిడికి జారిపోతాయి.

• రెండో వైబ్రేటర్ (మాల్‌ని కుదిపి గాలి బయటికి పంపే యంత్రం): మొదటిది మొరాయిస్తే సగం స్లాబ్ దగ్గరే మొరాయిస్తుంది!