పాత మోనోప్లేన్‌లో సముద్రం దాటే ముందు

1914కు ముందు నాటి మోనోప్లేన్లను, అంటే ఒక్క జత రెక్కల విమానాలను, బాగుచేసి ఇప్పటికీ ఎగరేసేవాళ్లున్నారు. మైదానం మీద చిన్న చక్కర్లు కొట్టడం వేరు. సముద్రం దాటాలనుకుంటే, ట్యాంకు నిండుగా ఉంది కదా అని ధీమాగా ఉండకండి.

ముందు ఇంజిన్‌కు కందెనగా పోసే ఆముదం చూసుకోండి. అవును, మన ఆముదమే. ఈ విమానాల్లో వాడిన నోమ్ కంపెనీ రోటరీ ఇంజిన్‌లో సిలిండర్లే ప్రొపెల్లర్‌తో పాటు గిర్రున తిరుగుతాయి. పెట్రోలు ఆవిరి క్రాంక్‌కేసు (ఇంజిన్ మధ్యలోని పెట్టె) గుండా వెళ్తుంది కాబట్టి మామూలు ఇంజినాయిల్ వేస్తే పెట్రోలులో కలిసి పలచబడిపోతుంది. ఆముదం అంత సులువుగా కలవదు. కానీ వాడిన నూనె వెనక్కి రాదు, పొగతో పాటే బయటికి పోతుంది. పెట్రోలు మిగిలి ఆముదం అయిపోయినా ఇంజిన్ పట్టేస్తుంది.

1913 సెప్టెంబరు 23న ఫ్రెంచి పైలట్ రోలాఁ గారోస్ ఫ్రాన్స్‌లోని ఫ్రెజూస్ నుంచి మధ్యధరా సముద్రం దాటి ట్యునీషియాలోని బిజెర్ట్‌లో దిగాడు. 200 లీటర్ల పెట్రోలు, 60 లీటర్ల ఆముదంతో బయలుదేరి 7 గంటల 53 నిమిషాలు ఎగిరాడు. చివరికి మిగిలిన పెట్రోలు 5 లీటర్లు. గంటకు 25 లీటర్ల చొప్పున చూస్తే అది 12 నిమిషాలకు వస్తుంది. ఈ లెక్క వేసినప్పుడల్లా నాకు గుండె జారుతుంది. మీరు కనీసం గంటకు సరిపడా మిగుల్చుకోండి.

దూరాన్ని కిలోమీటర్లలో కాదు, గంటల్లో లెక్కపెట్టండి. 60 కిలోమీటర్ల వేగంతో 120 కిలోమీటర్లకు రెండు గంటలు చాలు. 20 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే మూడు గంటలు పడుతుంది. అలాగని ఇంకో డబ్బా ఎక్కించేయకండి. గారోస్ మోసిన పెట్రోలు, ఆముదమే దాదాపు 200 కిలోలు. అంత బరువుతో లేవడానికి పరుగు చాలా పొడవు కావాలి.

పెట్రోలును మెత్తని తోలుగుడ్డలో వడపోసి నింపండి, నీటి చుక్క దిగకూడదు. పుల్ల ముంచి మట్టం మీరే చూసుకోండి.

ఇంధనం ఉన్నా ఇంజిన్ ఆగొచ్చు. 1909 జూలై 19న పైలట్ హ్యూబర్ట్ లాథమ్ తన ఆంత్వానెట్ విమానం ఇంజిన్ ఆగిపోయి, ఫ్రాన్స్‌కూ ఇంగ్లండ్‌కూ మధ్య ఉన్న ఇంగ్లిష్ చానెల్ నీళ్లలో దిగాడు. విమానం తేలింది కాబట్టి నౌక వచ్చేదాకా దాని మీదే కూర్చున్నాడు. ఆరు రోజులకు మరో పైలట్ లూయీ బ్లెరియో అదే చానెల్ దాటినప్పుడు తోడుగా వచ్చిన నౌక వెనకబడిపోయింది. దిక్సూచి కూడా లేకుండా, కాసేపు ఏ తీరమూ కనపడకుండా ఎగిరాడు. అందుకే మీకు తోడుండే పడవను మీకంటే బాగా ముందే పంపి, సగం దారిలో నిలబెట్టించండి.