అంబాసిడర్ స్టార్ట్ అవట్లేదా? సెల్ఫ్ కొడుతూ కూర్చోకండి, ముందు ఇది చూడండి

విజయనగరంలో పాత అంబాసిడర్ ఉన్నోళ్ళు ఇంకా కొంతమంది ఉన్నారు. పెళ్ళిళ్ళకి పువ్వులు కట్టి తిప్పడానికని ఉంచుకున్నోళ్ళు కొందరు, నాన్నగారి బండి అమ్మడానికి మనసొప్పక షెడ్లో పెట్టుకున్నోళ్ళు కొందరు. వీళ్ళందరూ నాకు ఫోన్ చేసి అడిగేది ఒకటే, "అన్నయ్యా, నిన్నటి దాకా బానే ఉంది, పొద్దున్నించి స్టార్ట్ అవట్లేదు, ఏటయిందంటావు?" నేను వెళ్ళేసరికి ప్లగ్గులు కొత్తవి, కాయిల్ (ప్లగ్గులకి పెద్ద ఓల్టేజీ పుట్టించేది) కొత్తది, ఒక్కోసారి బ్యాటరీ కూడా కొత్తదే ఉంటుంది, బండి మాత్రం కదల్దు. అసలు తప్పు ఎక్కడుందో చూడకుండా సామాన్లు మార్చడం రిపేరు కాదు, లాటరీ.

నేను చెప్పేది 1489 సీసీ పెట్రోల్ ఇంజను గురించి, నాది మార్క్ 4. డీజిల్ వాళ్ళకి ఇది పనికిరాదు. ప్రీమియర్ పద్మిని కారున్నోళ్ళు చదవొచ్చు, పద్ధతి అదే, కొలతలు మాత్రం మీ బండి పుస్తకంలో చూసుకోండి.

కావాల్సిన సామాన్లు పెద్దగా ఏం లేవు. ప్లగ్గు స్పానర్, రెండు స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్, ఫీలర్ గేజ్ (సన్న సందులు కొలిచే ఇనప రేకులు), 12 ఓల్టుల బల్బుకి రెండు వైర్లు కట్టిన టెస్ట్ లాంపు, ఒక పాత బనీను. మల్టీమీటర్ ఉంటే మంచిదే, లేకపోయినా పనాగదు. గేరు న్యూట్రల్లో పెట్టి హ్యాండ్ బ్రేకు లాగండి, పదండి.

మొదట హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు బాగా డల్ అయిపోయి ఇంజను మూలిగితే బ్యాటరీ గానీ దాని టెర్మినల్స్ గానీ. లైట్లు అలాగే వెలుగుతూ ఇంజన్లోంచి ఉలుకూ పలుకూ లేకపోతే సాలినాయిడ్ (సెల్ఫ్ మోటారుకి కరెంటు వదిలేది) లేదా స్విచ్ వైపు చూడాలి. ఫుల్ చార్జి బ్యాటరీ 12.6 ఓల్టులు చూపించాలి, సెల్ఫ్ కొడుతున్నప్పుడు 10 కంటే బాగా కిందకి పడిపోతే అది పోయినట్టే. టెర్మినల్స్ మీద తెల్లగా పచ్చగా పూసిందంతా వేడినీళ్ళలో వంటసోడా కలిపి కడిగేసి, బిగించాక వాజిలిన్ రాయండి. గ్రీజు కాదు, వాజిలిన్. విప్పేటప్పుడు ఎర్తు వైరు (బాడీకి వెళ్ళేది) ముందు విప్పాలి, బిగించేటప్పుడు ఎర్తు ఆఖర్న. ఇంజనుకీ బాడీకీ మధ్య ఒక ఎర్తు పట్టీ ఉంటుంది, దాన్ని మాత్రం ఎవడూ చూడడు, అది తుప్పు పట్టిందని తెలీక సెల్ఫ్ మోటారు రీవైండింగ్ చేయించుకున్నోళ్ళని నేను చూశాను.

సెల్ఫ్ బాగానే తిరిగి బండి అందుకోకపోతే అప్పుడు ఒకటే ప్రశ్న, కరెంటా, పెట్రోలా? చాలామంది ముందు కార్బొరేటర్ (పెట్రోలూ గాలీ కలిపేది) విప్పేస్తారు, ఎందుకంటే అది పైన కనిపిస్తుంది కాబట్టి. కార్బొరేటర్ ఆఖర్న విప్పాలి. ముందు కరెంటు చూడండి, ఇదే రూలు.

కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి (ఏ ప్లగ్గుకి ఎప్పుడు కరెంటు వెళ్ళాలో పంచేది) వెళ్ళే మధ్య వైరు దాని కేపులోంచి, అంటే మూతలోంచి, లాగి, రబ్బరు పిడి ఉన్న ప్లేయర్‌తో పట్టుకుని, ఇంజను ఇనుముకి ఐదారు ఎంఎం దూరంలో పెట్టి ఇంకొకర్ని సెల్ఫ్ కొట్టమనండి. నీలంగా, టపటపమని స్పార్క్ కొడితే కాయిల్, పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్ లోపల కలుస్తూ విడిపోతూ కాయిల్ కరెంటు ఆపే చిన్న స్విచ్) బాగున్నట్టు, అప్పుడు కేపు, రోటరు (కేపు లోపల తిరిగే ముక్క), ప్లగ్గులు చూసుకోవాలి. ఎర్రగా నీరసంగా వచ్చినా, అసలు రాకపోయినా ముందు పాయింట్లే చూడాలి. దగ్గర్లో పెట్రోలు కారుతూ ఉంటే మాత్రం ఈ పని పెట్టుకోకండి.

ఇక అసలు కథ పాయింట్లది. ఇక్కడ తొందరపడేవాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదవండి.

కేపుకున్న రెండు క్లిప్పులు తీసి కేపు ఎత్తండి, లోపల చెమ్మ ఉంటే తుడవండి, పెన్సిల్ గీతలాంటి నల్లటి చార ఉంటే కేపు మార్చాల్సిందే. 2014 అక్టోబర్లో హుద్‌హుద్ వెళ్ళాక వారం రోజులు నేను చేసిన పనంతా ఇళ్ళిళ్ళకీ తిరిగి కేపులు ఎండబెట్టడమే. (అదే ఏడు మేలో ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ ఆపేశారు, ఆ ఏడాదే మనకి బాలేదు.) రోటరు లాగేశాక పాయింట్లు కనిపిస్తాయి. ఆ చుట్టుపక్కల ఉన్న కన్నాల మీద బనీను ముక్క కప్పండి, ఆవగింజంత స్క్రూ డిస్ట్రిబ్యూటర్ లోపలికి జారితే ఆ సాయంత్రం దానికే సరి.

ఇప్పుడు పాయింట్ల మొహాలు చూడండి. బూడిద రంగులో శుభ్రంగా ఉంటే మంచిది. నల్లగా ఉంటే నూనె చేరింది. ఒకదాని మీద గుంట, రెండోదాని మీద బొడిపె లేస్తే కండెన్సర్ (పాయింట్ల మీద నిప్పురవ్వలు లేవకుండా ఆపే చిన్న డబ్బీ) వైపు అనుమానపడండి, దాన్ని మార్చకుండా పాయింట్లు మారిస్తే కొత్తవీ అలాగే కాలతాయి. కళింగపట్నం, భోగాపురం లాంటి సముద్రం పక్క ఊళ్ళలో నెల్లాళ్ళు బండి తియ్యకపోతే పాయింట్ల మీద కంటికి కనపడని పొర కడుతుంది. చూడ్డానికి బానే ఉంటాయి, కరెంటు మాత్రం పోదు. దానికి విజిటింగ్ కార్డు పెట్రోల్లో ముంచి, ఆరాక, పాయింట్ల మధ్య పెట్టి నాలుగుసార్లు లాగితే చాలు. గుంటలుంటే సన్న ఆకురాయితో రుద్దండి. ఎమెరీ పేపర్ వాడకండి, దాని రజను పాయింట్లలో గుచ్చుకుని మళ్ళీ కరెంటు ఆపేస్తుంది. ఎవరెంత చెప్పినా వినరు, ఎమెరీతోనే రుద్దుతారు, మళ్ళీ నాకే ఫోను.

తర్వాత గేపు, అంటే పాయింట్లు విడిపోయినప్పుడు మధ్యలో ఉండే సందు. 14 నుంచి 16 థౌ (అంగుళంలో వెయ్యో వంతు) ఉండాలి, అంటే 0.35 నుంచి 0.40 ఎంఎం, నేను 15 పెడతాను, మీరూ 15 పెట్టండి. ప్లగ్గులన్నీ విప్పేసి, ముందు బంపరు కన్నంలోంచి హేండిల్ పెట్టి నెమ్మదిగా తిప్పితే ఇంజను తేలిగ్గా తిరుగుతుంది. (ప్లగ్గులుండగా హేండిల్ కొట్టాల్సొస్తే బొటనవేలు మిగతా వేళ్ళ వైపే ఉంచండి, చుట్టూ బిగించి పట్టుకున్నారా, ఇంజను వెనక్కి తన్నితే బొటనవేలు విరుగుద్ది.) పాయింటు మీదున్న ఫైబర్ మడమ, డిస్ట్రిబ్యూటర్ మధ్యలో తిరుగుతూ పాయింట్లని తెరిచే కేమ్ కొన మీదకి, సరిగ్గా కొన మీదకి, వచ్చినప్పుడు ఆపాలి. ఇక్కడే అందరూ చెడగొడతారు, కొంచెం ఇటో అటో ఉండగా గేపు పెట్టేస్తారు, అప్పుడు 15 అనుకున్నది కొన మీద 20 అవుతుంది. ఫీలర్ గేజ్‌ని తుడిచి, నూనె లేకుండా పెట్టండి, లాగుతుంటే కొంచెం పట్టినట్టు రావాలి, బిగుసుకోకూడదు. స్క్రూ బిగించాక మళ్ళీ చూడండి, ఎందుకంటే బిగించినప్పుడే ఆ ప్లేటు జరుగుతుంది. నేను మూడుసార్లు చూస్తాను.

కొత్త పాయింట్లు వేస్తే ఇంకొకటి. వైర్ల కింద ఫైబర్ వాషర్లు ఉంటాయి, ఏది కింద ఏది పైన అన్నది విప్పకముందే ఫోన్లో ఫొటో తీసుకోండి. తారుమారు చేస్తే పాయింట్లు ఎర్తుకి తగిలి స్పార్క్ చచ్చినా రాదు, మీరేమో కాయిల్ పోయిందనుకుంటారు. టెస్ట్ లాంపు ఒక వైరు కాయిల్ నుంచి పాయింట్లకి వెళ్ళే టెర్మినల్‌కి, రెండోది ఎర్తుకి పెట్టి సెల్ఫ్ కొట్టండి, లైటు వెలుగుతూ ఆరుతూ ఉండాలి. వెలుగుతూనే ఉన్నా, వెలక్కపోయినా మళ్ళీ మొదటికి రండి. కేమ్ మీద ఆవగింజంత గ్రీజు, అంతే, ఎక్కువైతే పాయింట్ల మీదకి ఎగురుతుంది. స్విచ్ ఆన్లో వదిలేసి టీకి వెళ్ళకండి, పాయింట్లు మూసుకుని ఉంటే కాయిల్ కాలిపోద్ది. గేపు మారితే టైమింగ్ (స్పార్క్ పడే సమయం) కూడా మారుతుంది, కాబట్టి టైమింగ్ ముట్టుకోవాలనుకుంటే గేపు తర్వాతే.

పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకుంటే ఈ గొడవే లేదంటారు. నిజమే, పని చేసినన్నాళ్ళు. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కుతుంటే మధ్యలో అది పోతే ఏం చేస్తారు? నా దగ్గర విజిటింగ్ కార్డుంది.

కరెంటు బాగుంటే పెట్రోలు. ప్లగ్గులు తిరిగి బిగించేముందు ఒకసారి చూడండి, తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది, చోక్ నాబ్ పూర్తిగా లోపలికి తోసేసి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టండి. పొడిగా ఉంటే పెట్రోలే రావట్లేదు. కాయిల్ వైరు తీసేసి, కార్బొరేటర్ దగ్గర పైపు విప్పి సీసాలో పెట్టి సెల్ఫ్ కొడితే పంపు ఉండుండి చిమ్మాలి. ఇప్పుడు వచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, అది నీటిని లాగుతుంది, పాత రబ్బరు పైపుల్ని పాడుచేస్తుంది, కాబట్టి నెలల తరబడి నిలవున్న పెట్రోలు తీసేయండి. కార్బొరేటర్ నోట్లో పెట్రోలు పోస్తూ సెల్ఫ్ కొట్టించే వీరులు కొందరున్నారు, మా పక్కింటాయనకి కనుబొమ్మలు రావడానికి రెండు నెలలు పట్టింది.

కేపుకి ప్లగ్గుల వైర్లు తిరిగి పెట్టేటప్పుడు సిలిండర్ల వరస 1-3-4-2, రోటరు ఏ వైపు తిరుగుతుందో చూసుకుని ఆ వైపే లెక్కపెట్టండి.

స్టార్ట్ అయ్యాక వెంటనే ఆపకండి, ఓ పావుగంట తిరగనివ్వండి, డాష్ మీద ఎర్ర లైటు ఆరిందో లేదో చూడండి, ఆరకపోతే చార్జింగ్ లేదు, రేపు పొద్దున్న మళ్ళీ ఇదే గొడవ. బానెట్ మూసేముందు సామాన్లు లెక్కపెట్టుకోండి. బ్యాటరీ మీద స్పానర్ మర్చిపోయి బానెట్ వేసేసినాయన ఎవరో అడక్కండి, ఆ నల్లటి మచ్చ ఇంకా నా బండి బానెట్ లోపలుంది.