‘ఐదేళ్ల తర్వాత ఎక్కడుంటావ్?’ అని ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పాలి?

డిగ్రీ అయిన కొత్తలో ఒంగోలులో ఒక ఆఫీసుకి అకౌంట్స్ ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకి వెళ్లాను. అడిగినవన్నీ బాగానే చెప్పాను. చివర్లో పెద్దాయన "ఐదేళ్ల తర్వాత ఎక్కడుంటావబ్బాయ్?" అన్నారు. నిజం చెబితే మెచ్చుకుంటారనుకుని, "గ్రూప్ టూ కొట్టి గవర్నమెంటు ఉద్యోగంలో ఉంటా సార్" అన్నాను. ఆయన నవ్వి ఫైలు మూసేశారు. గ్రూప్ టూ రాలేదు, ఆ ఉద్యోగమూ రాలేదు.

ఆయన నా జాతకం అడగలేదని చాలా రోజులకి గానీ అర్థం కాలేదు. కొత్తవాడికి పని నేర్పడానికి ఆర్నెల్లు పడుతుంది. నేర్చుకోగానే వెళ్లిపోతాడా, ఉంటాడా? ఉంటే ఈ పనిలో పైకి రావాలన్న ఆలోచన ఉందా? ఆ ప్రశ్న వెనక ఉన్నది ఇంతే.

ముందు, ఆ ఉద్యోగానికి పై మెట్టు ఏంటో కనుక్కోండి

అసలు పనంతా ఇక్కడే ఉంది. "మంచి పొజిషన్‌లో ఉండాలనుకుంటున్నా" అని చెప్పేవాళ్లలో చాలామందికి ఆ పొజిషన్ పేరేంటో తెలియదు. నెట్‌లో వెతికే ముందు, అదే పనిలో రెండు మూడేళ్లుగా ఉన్నవాళ్లని పట్టుకుని టీ తాగిస్తూ అడగండి.

మైనింగ్ డిప్లొమా చేసి చీమకుర్తి గ్రానైట్ క్వారీలో చేరేవాళ్లనే తీసుకోండి. అక్కడ పైకి రావాలంటే సీనియారిటీ ఒక్కటే సరిపోదు. గనుల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీఎంఎస్ ఇచ్చే సర్టిఫికెట్లు కావాలి. ముందు ఫోర్‌మన్, తర్వాత సెకండ్ క్లాస్ మేనేజర్, ఆపైన ఫస్ట్ క్లాస్. "అనుభవం రాగానే సెకండ్ క్లాస్ పరీక్ష రాస్తాను" అన్న ఒక్క మాటతో, ఈ కుర్రాడికి దారి తెలుసని అవతలివాళ్లకి తెలిసిపోతుంది. ప్రభుత్వ బ్యాంకు పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) అయితే స్కేల్ వన్‌లో చేరతారు, తర్వాత స్కేల్ టూ, త్రీ. అక్కడ కూర్చుని "ఒంగోలు బ్రాంచికి మేనేజర్ అవుతా" అంటే, ఈ ఉద్యోగంలో దేశమంతా ట్రాన్స్‌ఫర్లు ఉంటాయన్న సంగతే తెలీదని మీరే ఒప్పుకున్నట్టు.

తర్వాత మూడు వాక్యాలు తయారు చేసుకోండి

మా పక్కింటి అమ్మాయి మైక్రోబయాలజీ చదివింది. నెల్లూరు దగ్గర రొయ్యల ల్యాబ్‌లో ఇంటర్వ్యూ వచ్చింది. ముందురోజు సాయంత్రం మా వరండాలో కూర్చోబెట్టి ఇదే ప్రశ్న అడిగాను.

"కంపెనీతో పాటు ఎదగాలనుకుంటున్నా బాబాయ్."

"ఎంత ఎత్తు ఎదుగుతావు?"

నవ్వింది గానీ జవాబు లేదు. వాళ్ల సీనియర్‌కి ఫోన్ చేయమన్నాను. అరగంట మాట్లాడితే సంగతులు బయటపడ్డాయి. చేరిన కొత్తలో చెరువు నీళ్ల శాంపిళ్లు తీసుకోవడం, ఉప్పు శాతం, పీహెచ్, అమ్మోనియా చూడటం. చేయి తిరిగాక పీసీఆర్ మీద పెడతారు, అంటే రొయ్య పిల్లల్లో వైట్ స్పాట్, ఈహెచ్‌పీ లాంటి జబ్బులు ఉన్నాయా అని చూసే పరీక్ష. ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌ల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో రిపోర్టు మీద సంతకం పెట్టే అధికారం అందరికీ ఉండదు, దానికి అర్హత, అనుభవం చూస్తారు. ఇంకేం, జవాబు దానంతటదే వచ్చేసింది:

"మొదటి ఏడాది శాంపిల్ దగ్గర్నుంచి రిపోర్టు దాకా తప్పుల్లేకుండా పని నేర్చుకుంటాను సార్. మూడేళ్లకి పీసీఆర్ నేనొక్కదాన్నే చూసుకోగలగాలి. ఐదేళ్లకి రిపోర్టు మీద సంతకం పెట్టే స్థాయికి రావాలని ఉంది."

ఏడాదికి ఒకటి, మూడేళ్లకి ఒకటి, ఐదేళ్లకి ఒకటి. నాలుగో వాక్యం అక్కర్లేదు. "ఐదేళ్లకి మీ సీట్లో ఉంటా సార్" అనే డైలాగు సినిమాలో బావుంటుంది, ఆ సీట్లో ఉన్నాయన ముందు కాదు.

ఇబ్బంది పెట్టే ప్రశ్నలకి సిద్ధంగా ఉండండి

మన వైపు తప్పకుండా వచ్చేది "గ్రూప్స్ రాస్తున్నావా?" అనేది. అడగకపోతే మీరుగా ఎత్తొద్దు. అడిగితే మాత్రం అబద్ధం ఆడొద్దు, మన ఊళ్లలో ఎవరు ఏ కోచింగ్ సెంటర్‌కి వెళ్తున్నారో అందరికీ తెలుసు. "రాస్తున్నా సార్, చదువు డ్యూటీ అయ్యాకే. ఇక్కడ చేరాక మధ్యలో వదిలేసి వెళ్లను" అనండి. వదిలేసే ఉద్దేశమే ఉంటే అసలు చేరకండి. వాళ్లకీ మీకూ టైమ్ దండగ.

రెండోది "చెన్నైకో బెంగళూరుకో వెళ్లిపోతావా?" అనేది. పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికల్లా చెన్నైలో దిగొచ్చని అవతలివాళ్లకీ తెలుసు. ఇక్కడే ఉండటానికి మీకున్న కారణం చెప్పండి, అమ్మానాన్న అయినా, సొంతిల్లయినా. పనితో ముడిపడిన కారణమైతే ఇంకా గట్టిగా ఉంటుంది. రొయ్యల చెరువులు ఇక్కడుంటే ల్యాబ్ పని నేర్చుకోవడానికి ఇంకెక్కడికి వెళ్తాం?

ఆడపిల్లల్ని "పెళ్లయితే మానేస్తావా?" అని ఇప్పటికీ అడుగుతున్నారు. నన్నడిగితే అది అడగాల్సిన ప్రశ్నే కాదు. అయినా అడిగితే వివరాల్లోకి వెళ్లకుండా "ఉద్యోగం కొనసాగించాలన్నదే నా ఉద్దేశం సార్" అని, మళ్లీ పని సంగతికి వచ్చేయండి.

జీతం సంగతి ఈ జవాబులో కలపొద్దు, దానికి వేరే ప్రశ్న వస్తుంది.

పైకి చెప్పి చూసుకోండి

మనసులో అనుకున్నప్పుడు బావున్న వాక్యం నోటితో అనేసరికి తడబడుతుంది. ఇంట్లోవాళ్ల ముందు రెండుసార్లు చెప్పండి చాలు. పదిసార్లు చెబితే బట్టీ పట్టిన ఎక్కంలా వినిపిస్తుంది.

చివర్లో మీరూ ఒకటి అడగండి

"ఏమైనా అడగాలా?" అన్నప్పుడు చాలామంది తల అడ్డంగా ఊపి లేచొచ్చేస్తారు. "ఇదే పనిలో చేరినవాళ్లు మూడేళ్ల తర్వాత ఇప్పుడేం చేస్తున్నారు సార్?" అని అడగండి. మా పక్కింటి అమ్మాయి అడిగింది. ఆయన కాసేపు ఆలోచించి, "ఒకతను పక్క గదిలో పీసీఆర్ చూస్తున్నాడు, ఇంకో అమ్మాయి హేచరీకి మారిపోయింది" అని చెప్పి, ఆ పక్క గది కూడా చూపించారట.